గుర్రం తర్వాత తూనీగ

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అబ్బాయి, మీ మనవరాలు, మొన్న పుట్టిన రెండు మేకపిల్లలతో సహా అందరం కులాసా. అక్కడ మీరు, వదినగారు, అన్నయ్యగారు, అందరికంటే ముఖ్యంగా మీ కొత్త మోకాలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. మీ మనవరాలు దాన్ని నా చేతికివ్వకుండా తనే పైకి చదివింది. మీరు ‘అమ్మాయ్’ అని రాసిన చోటల్లా మీ గొంతు పెట్టి అరిచింది. మేకలు మేత మానేసి తలెత్తి చూశాయి. మీరు లేరన్న సంగతి వాటికి ఇంకా తెలియదనుకుంటాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. పంపు దగ్గర కారుతున్న చోట వాషరు మార్పించాం, ఇప్పుడు చుక్క కారడం లేదు. మీ అబ్బాయి పోస్టాఫీసు నుంచి రాగానే వేళకు తింటున్నారు, మీరు ఊహించుకున్నట్టు చిక్కిపోలేదు, నిజానికి పోయిన వారం రెండు ప్యాంట్ల నడుము వదులు చేశాను. పిల్లకి ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుంది, అది మీరు వచ్చాక మీరే మాన్పించాలి. నిమ్మచెట్లు రెండో కాపుకి పూత మీదున్నాయి. తోటలోకి అడుగుపెడితే వాసన ముక్కులు పగలగొడుతోంది. ఆపరేషను వార్డులో మీ పక్క మంచం ఆవిడ గురక గురించి రాసింది చదివి అందరం కడుపుబ్బ నవ్వాం.

అయిదో ప్రశ్న ట్రాక్టరు గురించి. ‘ఏ బండి చూశారు, ఎలా చూశారు, ఒక్క ముక్క వదలకుండా రాయి’ అన్నారు. రాస్తాను. ఆరో ప్రశ్న గుడ్డ గురించి. దానికి జవాబు అన్నిటికంటే చివర రాస్తాను అత్తయ్యా. ఇప్పుడే రాస్తే మిగతాది మీరు చదవరు.

పోయిన శనివారానికి ముందు శనివారం ముగ్గురం బస్సెక్కి పట్నం చివర ట్రాక్టర్ల దుకాణాలుండే వీధికి వెళ్లాం. మీరు ఎప్పుడైనా ఆ వీధి చూశారో లేదో. రోడ్డుకి రెండు పక్కలా అద్దాల వెనక, అద్దాల ముందు, పేవ్‌మెంటు మీద కూడా ట్రాక్టర్లే. వెనక చక్రం నా భుజం దాకా వచ్చింది. దాని గాడిలో పిల్ల చెయ్యి మోచేతి దాకా దూరిపోయింది. మనుషులు ఇంత పెద్ద వస్తువును చేసి, దానికి రంగు వేసి, తుడిచి, ధర కాగితం అంటించి నిలబెట్టారంటే నాకు అక్కడే సగం మతిపోయింది. నేను కుట్టుమిషనుతో బతికిన దాన్ని. ఒక జత కాలర్లు సమానంగా వస్తేనే ఆ రోజంతా సంతోషంగా ఉండేదాన్ని.

ఇంజను కాలిపోయిన మన పాత బండిలాంటిదే, గుర్రం గుర్తుదే మళ్లీ కొనమన్నారు మీరు. అందుకని ముందు గుర్రం దుకాణానికే వెళ్లాం. అక్కడి ముసలి మెకానిక్కు మర్యాదస్థుడు. మన తోట సంగతంతా విని ‘శనివారం బండి తెచ్చి చూపిస్తాం’ అన్నాడు. మీ మాట ప్రకారం అక్కడితో తిరిగి రావలసింది. కానీ పక్కనే సుత్తి గుర్తు దుకాణం, దాని ఎదురుగా తూనీగ గుర్తు దుకాణం. ‘చూడ్డానికి డబ్బులడగరు కదా’ అన్నాను నేను. మీ అబ్బాయి ఉలుకూ పలుకూ లేకుండా వెనకే వచ్చారు. ఆ వీధిలో అడుగుపెట్టినప్పటినుంచీ ఆయనకి మాట పెగల్లేదు. బస్సు ప్రయాణం పడలేదేమో అనుకున్నాను.

సుత్తి వాళ్ల బండి కొండలా ఉంది. సేల్స్‌మన్ మోకాళ్ల దాకా చొక్కా వేసుకున్నాడు. దాని బలం గురించి ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. నేను సీటు చూస్తున్నాను. అంగుళానికి నాలుగే కుట్లు. మనిషి రోజంతా కూర్చుని కుదుపులు తినే సీటుకి ఆరైనా పడాలి.

‘అమ్మా, అందరూ ఎంత హార్స్‌పవర్ అని అడుగుతారు. మీరు కుట్లు లెక్కపెడుతున్నారేంటి?’ అన్నాడు.

‘కనబడే చోటే ఇలా కుడితే, కనబడని చోట బోల్టు ఎలా బిగించారో అని’ అన్నాను.

అతను చేతిగుడ్డ తీసి సీటు తుడిచాడు. మీ మనవరాలు సందు దొరికిందని ఈల వేసింది. అయినా అతను మంచివాడే, ‘శనివారం మేమూ వస్తాం, మీరు కుట్లు లెక్కపెట్టండి, మేం లాగుతాం’ అన్నాడు.

తూనీగ దుకాణంలో ఉన్నది ఒకావిడ. నా వయసే ఉంటుంది. నోట్లో పెన్సిలు కొరుకుతూ మాట్లాడుతుంది. పిల్ల అప్పుడే ఆవిడకి పెన్సిలమ్మ అని పేరు పెట్టేసింది. ఆవిడ బండి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడగడమే అడగడం. వరుసకీ వరుసకీ మధ్య ఎంత జాగా? చెట్లు ఎంత ఎత్తు? కొమ్మలు దారిలోకి వాలాయా? గడ్డి కోయడానికా, ట్రాలీ లాగడానికా, బరువులెత్తడానికా? నడిపేదెవరు? నేల చదునేనా?

‘చివరి వరుసల దగ్గర వాలుంది’ అన్నాను.

‘ఎంత వాలు?’

నేను అరచెయ్యి వంచి చూపించాను. ఆవిడ తన చేతిలోని రిజిస్టరును అలాగే వంచి పట్టుకుని ‘ఇంతా?’ అంది. ఇంకాస్త అన్నాను. ఇంకాస్త వంచింది. ‘అంతే’ అన్నాను. ఆవిడ పెన్సిలు నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. ‘మేం వచ్చి చూస్తామమ్మా. చూడకుండా అమ్మను’ అంది. వస్తువు అమ్మనని చెప్పే దుకాణందారుని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శనివారం పొద్దున్నే మూడు బండ్లూ లారీల మీద దిగాయి. మన గేటు ముందు అంత సందడి ఎప్పుడూ లేదు.

మొదట సుత్తి. అది కదిలితే వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. ట్రాలీ నిండా మన గోడ కోసం తెచ్చిన రాళ్లు వేసి వాలు మీదికి లాగించారు. పాత గుర్రం సగం బరువుకే మూలిగేది, మీకు తెలుసు. ఇది కాగితం పడవని తాడు కట్టి లాగినట్టు లాక్కుపోయింది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత బలం ఒక ఇనుప పెట్టెలో ఇరికించారా అని. కానీ వరుస చివర తిరగాల్సి వచ్చేసరికి ముందుకీ వెనక్కీ మూడుసార్లు పోయి, మూల చెట్టు బెరడు గీరింది. చొక్కా ఆయన నా ముఖం చూశాడు. నేను చెట్టు చూశాను. గీరుకున్న బెరడే మాట్లాడింది.

తర్వాత కొత్త గుర్రం. అత్తయ్యా, అది స్టార్టు కాగానే పాత దాని చప్పుడే. అదే గొంతు. మీరు లేచి బయటికి వచ్చారేమో అనిపించి నేను వెనక్కి తిరిగి చూశాను. మీ అబ్బాయి ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆ బండి ఒక్క తిప్పుకే తిరిగింది, చెట్లని తాకలేదు, గడ్డి నున్నగా కోసింది. మీరు ఎందుకు దాన్నే కొనమన్నారో అర్థమైంది. సీటు వెనక నిలబెట్టే ఇనుప చట్రం మాత్రం వంగేది కాదు, బాగా పొడుగు. కావాలంటే బిగిస్తారట, వద్దంటే తీసేస్తారట. ‘ఆ చట్రం వద్దు, కొమ్మలు విరుస్తుంది’ అని మీరు రెండు ఉత్తరాల్లో రాశారు కదా, ఆ మాటే చెప్పాను.

ఆఖరికి తూనీగ. మూడింట్లో చిన్నది అదే. చప్పుడు కూడా మర్యాదగా ఉంది. పెన్సిలమ్మ మన పశువుల నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లి ‘ఇది నింపండి’ అంది. అంచు దాకా నింపాం. ఆవిడ ముందున్న ఇనుప చేతుల్ని తొట్టి కిందికి పోనిచ్చి, పైకెత్తి, మేకల పాక దాటి, మలుపు తిరిగి, మెట్ల పక్కన దించింది. చుక్క తొణకలేదు. ఒక్క చుక్క! మనం బిందె నడుము మీద పెట్టుకుని పది అడుగులేస్తే సగం చీర తడుస్తుంది. నీళ్ల మీద ఆకాశం అలాగే, చెదరకుండా, గాల్లో తేలి వెళ్లింది.

‘రండి, తొట్టిని మొదట ఉన్న చోటికే మీరు మళ్లీ చేర్చండి’ అని నన్ను ఎక్కించింది. ముందు బెల్టు బిగించింది. చిన్న కర్ర ఒకటి, రెండు వేళ్లతో పట్టుకునేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టే పట్టు చాలు. ఆ రెండు వేళ్లు కదిలిస్తే, నలుగురు మగవాళ్లు కదపలేని తొట్టి నేల విడిచి లేచింది. నేను ఏడ్చానని మీ మనవరాలు ఊరంతా చెప్పుకొస్తోంది. నేను ఏడవలేదు. ఊపిరి పీల్చడం మర్చిపోయానంతే.

ఇక్కడినుంచి రాయడానికి నా చెయ్యి కాస్త ఆగుతోంది. అయినా రాస్తాను.

గుర్రం దుకాణం ముసలి మెకానిక్కు మంచినీళ్లు తాగి, ఊరికే షెడ్డులోకి వెళ్లి మన పాత బండి చుట్టూ తిరిగాడు. మార్పిడికి ఇవ్వొద్దన్నారు కదా మీరు, ఇవ్వబోమని చెప్పాను కూడా. ‘చూస్తానంతేనమ్మా, ఇంత పాతది ఎవరూ ఇంత బాగా ఉంచుకోరు’ అన్నాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరాడు. మడ్‌గార్డు కిందికి వంగి చూశాడు. స్టీరింగు రాడ్డు తట్టి చూశాడు.

‘ఇది ఒకసారి తలకిందులైన బండి కదమ్మా’ అన్నాడు.

నవ్వాను. ‘నేను కాపురానికొచ్చి తొమ్మిదేళ్లు, అలాంటిదేం లేదు’ అన్నాను.

‘తొమ్మిదేళ్లు కాదు, ఎప్పుడో. ఇదిగో, ఇక్కడ రేకు కొట్టి సాపు చేశారు. ఈ రాడ్డు మార్చారు’ అని నా వేలు పట్టుకుని తగిలించాడు. నిజమే. కుట్టు విప్పి మళ్లీ కుట్టిన బట్టకి పాత సూది చిల్లులు తగులుతాయే, అలా తగిలాయి రేకు కింద చిన్న చిన్న నొక్కులు. తొమ్మిదేళ్లుగా ఆ బండి మీద గుడ్డలు ఆరేశాను, ఒక్కసారీ చూడలేదు.

తలెత్తేసరికి గుమ్మంలో మీ అబ్బాయి నిలబడి ఉన్నారు. ‘ఒకసారి ఇలా రా, నీతో మాట్లాడాలి’ అన్నారు.

అందరినీ నీడన కూర్చోమని చెప్పి మేమిద్దరం ట్రాలీ అంచు మీద కూర్చున్నాం. ఆయన నేల చూస్తూ చెప్పారు.

‘మేం నీకు చెప్పినట్టు నాన్న గుండె ఆగి చనిపోలేదు. ఈ బండి కింద పడి చనిపోయాడు. ఆ వాలు మీద. నేను కింద నిలబడి చూస్తున్నా. పన్నెండేళ్లు నాకు. పరిగెత్తి అమ్మని పిలుచుకొచ్చేసరికి అయిపోయింది.’

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. 

‘అప్పటి పక్కతోటల వాళ్లు, ఇప్పుడు వాళ్లెవరూ ఇక్కడ లేరులే, తాళ్లేసి బండిని లేపారు. అమ్మేయమని అందరూ చెప్పారు. అమ్మ కమ్మరి దగ్గర రేకు కొట్టించింది, రాడ్డు మార్పించింది. నెల తిరక్కుండా తనే ఎక్కింది. అంతకుముందు సైకిలు కూడా తొక్కలేదు. ఎక్కడ నేర్చుకుందో తెలుసా? ఆ వాలు మీదే. ఇక్కడ నడపగలిగితే ఎక్కడైనా నడపగలను అంది. అక్కనీ నన్నూ పిలిచి, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, జాలిపడేవాళ్లు ఎక్కువైతే పని చేసేవాళ్లు తక్కువవుతారు అంది. అంతే. మళ్లీ ఆ మాట ఇంట్లో రాలేదు.’

‘మరి ఆ చట్రం ఎందుకొద్దంటున్నారు?’ అని అడిగాను. ఆయన చెప్పుకంటిన మట్టి దులిపారు. తర్వాత అన్నారు: ‘అది ఉంటే బండి తలకిందులైనా నాన్న కింద నలిగేవాడు కాదు, బతికేవాడు. దాన్ని చూస్తే అమ్మకి అదే గుర్తొస్తుంది. కొమ్మలు వంక.’

అత్తయ్యా, మీరు దాచమన్నది నాకు తెలిసిపోయింది. మీ అబ్బాయిని ఏమీ అనకండి. ఇరవై రెండేళ్లు మోశారు, దించుకోనివ్వండి.

మీతో ఒక్క మాట చెప్పాలి, ఎదురుగా ఉంటే చెప్పలేను, మీరు చెప్పనివ్వరు కూడా. కాపురానికొచ్చిన కొత్తలో మీరు ఆ బండి మీద కూర్చుని ‘గంప అటు జరుపు, గేటు తియ్యి, నిద్రపోతున్నావా’ అని కేకలేస్తుంటే, ఈవిడకి ఎంత అధికారమో అని లోలోపల విసుక్కునేదాన్ని. మీరు ఎక్కే ముందు రోజూ ఒక్క క్షణం ఆగేవారు. మోకాలి నొప్పి అనుకునేదాన్ని. మోకాలు బాగున్న రోజుల్లో కూడా ఆగేవారని ఇప్పుడు గుర్తొస్తోంది. మొగుణ్ని మింగిన బండిని మచ్చిక చేసుకుని, దాని మీదే పిల్లలిద్దర్నీ చదివించి, నా బిడ్డకి ఉయ్యాల కట్టిన ఈ ఇల్లు నిలబెట్టారు. ట్రాక్టర్ల వీధిలో ఆ చక్రాలని చూసి ఆశ్చర్యపోయాను చూడండి, నా తెలివి తక్కువతనానికి నాకే సిగ్గేసింది. చూడాల్సింది తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే ఉంది.

మేం నీడకి తిరిగొచ్చేసరికి ముసలి మెకానిక్కు లేచి నిలబడ్డాడు. ఏం గ్రహించాడో ఏమో. ‘అమ్మా, నేను గుర్రం జీతగాణ్ని. అయినా చెబుతున్నా. ఈ వాలుకి చట్రం లేని బండి కొనకండి. మాది కొంటే చట్రంతో కొనండి. కొమ్మలు అడ్డమైతే వాళ్లది కొనండి, దాని చట్రం వంగుతుంది’ అని తూనీగ వైపు చూపించాడు. పెన్సిలమ్మ ఆ చట్రాన్ని మధ్యలో మడిచి చూపించి, వెంటనే మళ్లీ నిలబెట్టింది. ‘మడిచినప్పుడు అది ఉన్నా లేనట్టే. చెట్ల కింద చదును నేల మీద మాత్రమే మడవాలి. వాలు మీద నిటారుగా ఉండాలి, బెల్టు పెట్టుకోవాలి. రెండూ ఉంటేనే మనిషి దక్కుతాడు, ఒకటుంటే లాభం లేదు’ అంది.

అప్పుడు మీ అబ్బాయి ‘నేనొకసారి ఎక్కొచ్చా?’ అన్నారు.

నేను వద్దనబోయాను. నోరు మూసుకున్నాను. బండి ఎక్కడమే కాదు, బండి నీడ కూడా తొక్కని మనిషి కదా. పోస్టాఫీసు కౌంటరు వెనక కుర్చీ ఒక్కటే ఆయన వాహనం అని మనం ఎగతాళి చేసేవాళ్లం. నేను మరీ ఎక్కువ చేశాను. 

పెన్సిలమ్మ బెల్టు బిగించి, పెడలు చూపించి, పక్కకి తప్పుకుంది. ఆయన చీమ పాకినట్టు పోనిచ్చారు. మొదటి చెట్టు, రెండో చెట్టు. వాలు మొదలైంది. బండి ఒక పక్కకి ఒరిగింది, చట్రం ఆకాశానికి ఏటవాలుగా నిలబడింది. చొక్కా ఆయన, నీడన కూర్చున్న మిగతావాళ్లు, అందరూ లేచి నిలబడ్డారు. నేను పిల్ల భుజం ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది ‘అమ్మా, నొప్పి’ అంది. మావయ్యగారు పోయిన చోటు ఏదో నాకు తెలియదు. కానీ ఒకచోట మీ అబ్బాయి బండి ఆపారు. చాలాసేపు ఆపారు. మళ్లీ పోనిచ్చారు. పైకి వెళ్లి ఇంజను ఆపేశారు, కానీ దిగలేదు. 

మీ మనవరాలికి ఇవేం తెలియవు కదా. కిందినుంచి ‘నాన్నా! హారన్ కొట్టు!’ అని అరిచింది.

ఆయన హారన్ కొట్టారు. పిట్టలన్నీ ఎగిరిపోయాయి. చెయ్యి తీయకుండా కొట్టారు. తర్వాత నవ్వారు అత్తయ్యా. తొమ్మిదేళ్లలో ఆ నవ్వు నేను వినలేదు. అది పన్నెండేళ్ల పిల్లాడి నవ్వు.

తూనీగే తీసుకున్నాం. మీ మాట దాటాం. ఇంకొకటి కూడా చేశాం. వాలు దగ్గరి రెండు వరుసల్లో దారిలోకి వాలిన కొమ్మల్ని మీ అబ్బాయి తన చేత్తో కోశారు, అక్కడ చట్రం మడవకుండా పోవాలని. ఆ చెట్లు మావయ్యగారు అంటు కట్టినవని తెలిసే కోశారు. కోసిన చోటల్లా మైనం రాశారు. ఒక్క చెట్టూ వాడిపోలేదు.

బండి దింపిన రోజు పెన్సిలమ్మ సీటు ఎవరి కొలతకి పెట్టాలి అని అడిగింది. ‘ముఖ్యంగా నడిపేదెవరు?’ అంది. ‘మా అమ్మ’ అన్నారు మీ అబ్బాయి. మీ కొలతలు నాకు కంఠస్థం కదా, మోకాలి నుంచి మడమ దాకా పదహారున్నర అంగుళాలని చెప్పాను. ఆవిడ పెన్సిలుతో రాసుకుని సీటు ముందుకు జరిపింది. ఈ బండికి క్లచ్చు తొక్కే పని లేదు. కుడి కాలు కింద ఒక్కటే పెడలు, వేళ్లతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి. మీకు ఎడమ మోకాలే ఎందుకు అరిగిందని డాక్టరు వింతపడ్డాడని రాశారు. ఇరవై రెండేళ్లు ఆ క్లచ్చు తొక్కింది ఎడమ కాలేగా.

ఇక ఆరో ప్రశ్న.

మీరు రాసింది మళ్లీ రాస్తున్నాను, తప్పించుకోకుండా ఉండటానికి. ‘రేడియేటరు కారుతోందని నీళ్లు తీసేసి, ఎవరూ స్టార్టు చేయకుండా స్టీరింగుకి గుడ్డ కట్టి వచ్చాననుకున్నాను. కట్టి ఉంటే ఆ పక్కతోట డ్రైవరు చూసేవాడు కదా, ఇంజను కాల్చేవాడు కాదు. కట్టలేదేమో. ఈమధ్య నా బుర్ర మీద నాకే నమ్మకం పోతోంది. ఇక నేను బండి ఎక్కనులే, జీతానికి ఎవర్నైనా పెట్టుకోండి.’

పక్కతోట డ్రైవరు మన గేటు కూడా దాటలేదు అత్తయ్యా. అది నేను రాసిన అబద్ధం. ఇంజను కాల్చింది నేను.

మీరు ఆపరేషనుకి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. తొమ్మిదేళ్లుగా మీరు నడుపుతుంటే గంప పట్టుకుని పక్కన నడిచిన దాన్ని. ఒక్కసారి ఎక్కి చూడాలని ఎంత కోరికో మీకు చెప్పలేదు, నవ్వుతారని. షెడ్డులోకి వెళ్లాను. స్టీరింగుకి నీలం గుడ్డ ఉంది. చెయ్యి తుడుచుకునే గుడ్డ అనుకున్నాను. రెండు ముడులు వేసి ఉంది. అంత గట్టిగా వేశారు, విప్పడానికి పళ్లు పెట్టాల్సి వచ్చింది. ఆ గుడ్డతోనే సీటు తుడిచి ఎక్కి కూర్చున్నాను. మీరు రోజూ చేసినట్టే చేశాను. అది లేచింది. ఏడు వరుసలు నడిపాను. గాలి, పూత వాసన, నా కింద ఆ బలం. నేనే నడుపుతున్నానా అని చేతులు చూసుకున్నాను. ఎనిమిదో వరుసలో ఆవిరి లేచింది, ఏదో పగిలిన చప్పుడైంది, ఆగిపోయింది. అది ఎవరి బండో, ఏమేం మోసిందో అప్పుడు తెలియదు. తెలిసిన రోజునుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

మీ అబ్బాయికి ఆ సాయంత్రమే చెప్పాను. ‘అమ్మకి నువ్వే చెప్పాలి’ అన్నారు. భయపడి అబద్ధం రాశాను. ఆ అబద్ధం పోయి పోయి మీ బుర్ర మీద పడుతుందని నాకు తట్టలేదు. పక్కతోట డ్రైవరుకి కూడా నిన్న వెళ్లి జరిగింది చెప్పి క్షమించమన్నాను. అతను ‘నా పేరు వాడుకున్నందుకు ఒక చొక్కా కుట్టిపెట్టమ్మా’ అని నవ్వేశాడు. కుడుతున్నాను.

మీరు గుడ్డ కట్టారు అత్తయ్యా. రెండు ముడులతో కట్టారు. మీ బుర్ర నిక్షేపంలా ఉంది, లేనిది నాకే.

తిట్టాలంటే ఉత్తరంలో తిట్టకండి, మీ మనవరాలు పైకి చదువుతుంది. వచ్చి తిట్టండి. కొత్త బండి చదును వరుసల్లో మీ అబ్బాయి నడుపుతున్నారు. తొట్టి ఎత్తిన ఆ ఒక్కసారి తప్ప నేను మళ్లీ ఎక్కలేదు. ఎక్కమని ఆయన రోజూ అంటున్నారు. మీరు వచ్చేదాకా ఎక్కను. ఇంత జరిగాక కూడా నడపాలనే ఉంది, అది సిగ్గులేనితనమైతే అదీ చెప్పండి. మీరు పక్కన నిలబడి ‘నిద్రపోతున్నావా’ అని కేకలేస్తుంటే వాలు మీద కూడా నడపగలననిపిస్తోంది. నాకు నేర్పుతారా?

ఇట్లు,
జవాబు కోసం గేటు దగ్గరే కాచుక్కూర్చున్న
మీ కోడలు